సర్వే పని నమ్ముకుని జీవితాంతం బతకొచ్చా?

సివిల్ డిప్లొమా చేశాను, ప్రైవేటుగా సర్వే పని చేసుకుంటే ఇల్లు గడుస్తుందా అని అడిగారు. నాకు ముప్పై ఏళ్లుగా గడిచింది, ఇద్దరు పిల్లల చదువులతో సహా. అయితే నెల జీతంలా రాదు. మా తెనాలి వైపు వరి కోశాక మినుము ఉంటుంది. అది పీకిన దగ్గర్నుంచి కాలవకి నీళ్లొదిలే దాకానే పొలాల కొలతలు. ఆ మూడు నాలుగు నెలల డబ్బుతో ఏడాదంతా నెట్టుకురావాలి. మధ్యలో లేఅవుట్లు దొరికితే అదృష్టం. 2015లో రాజధాని ఊపు చూసి అప్పు చేసి టోటల్ స్టేషన్ అనే ఎలక్ట్రానిక్ సర్వే మిషన్ కొన్నాను. 2019లో ఆ పనులు ఆగాక వాయిదాల కోసం పడిన టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. మీరు మొదట్లో మిషన్ అద్దెకే తెచ్చుకోండి.

నేను పొలాలు కొలిచే ఇనుప గొలుసుతో మొదలుపెట్టాను. 66 అడుగులు, 100 లింకులు. వాడగా వాడగా రింగులు సాగి గొలుసు పొడవయ్యేది, పొలమేమో కాగితం మీద చిన్నదయ్యేది! ఇప్పటి మిషన్ మిల్లీమీటర్లు చెబుతుంది. పాత ఎఫ్‌ఎంబిలో, అంటే సర్వే నంబర్ల కొలతలు గీసిన సర్కారు పటంలో, కొలతలు లింకుల్లో ఉంటాయి, లింకంటే సుమారు 20 సెంటీమీటర్లు. 330 అడుగుల గట్టు ఒక్క లింకు జరిగితే అర సెంటు తేడా. ఆ అర సెంటు కోసం మాటలు మానేసిన అన్నదమ్ముల్ని చూశాను. "మిషన్ అబద్ధం చెప్తుందా?" అంటారు. ఎవరో జరిపేసిన హద్దు రాయి దగ్గర మొదలుపెడితే, ఆ తప్పునే మిల్లీమీటరు తేడా లేకుండా చెబుతుంది.

అందుకే పిలిచినాయన పొలం ఒక్కటే కొలవకండి. చుట్టుపక్కల సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబిలు కూడా తెచ్చుకోండి. కనీసం మూడు పాత రాళ్ల మధ్య దూరాలు పటంతో కలిసే దాకా గట్టు జోలికి పోవద్దు. మూడు ఊళ్లు కలిసే ట్రైజంక్షన్ రాయి దొరికిందా, సగం పని అయినట్టే. ఊళ్లో ఓ పెద్ద వయసు పాలేరుని వెంటబెట్టుకెళ్లండి. కాలవ తవ్వినప్పుడు రాయి ఎటు పోయిందో ఆయనకే తెలుస్తుంది.

ఫీజు ముందే తీసుకోండి. తొలిరోజుల్లో ఒకాయన పిలిచి కొలిపించుకుంటే, ఆయన గట్టే పక్కాయన పొలంలోకి మూడడుగులు వెళ్లినట్టు తేలింది. "డబ్బులిచ్చి మరీ పొలం పోగొట్టుకోవాలా?" అని బండెక్కి వెళ్లిపోయాడు. గొలుసు పట్టిన కుర్రాళ్ల కూలి నా జేబులోంచే ఇచ్చాను. అప్పట్నుంచి ఇద్దరి దగ్గరా చెరి సగం, రాయి ముట్టుకోకముందే. అలాగైతే అమ్ముడుపోయాడని కూడా అనరు. ఆ పక్కాయన మాత్రం తర్వాత పదేళ్ల పాటు నాకు పనులు తెచ్చిపెట్టాడు.

తగాదా ముదిరిన చోట, మన కొలతకి పక్క రైతు కట్టుబడాల్సిన పని లేదని ముందే చెప్పేయండి. మండల సర్వేయర్‌కి దరఖాస్తు పెట్టించి, నోటీసులతో కొలిపించుకోమనండి. మీది తెలంగాణ అయితే అక్కడ లెక్క గుంటల్లో, 33 అడుగుల చదరం ఒక గుంట. ఎఫ్‌ఎంబి బదులు టిప్పన్ చూడటం నేర్చుకోవాలి. 2025లో అక్కడ లైసెన్స్‌డ్ సర్వేయర్లకి శిక్షణ కూడా ఇచ్చారు, ఆ దారి కనుక్కోండి.

మొదటి డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి. మెట్ట పొలాల్లో కంది మోళ్లు చెప్పుల్లోంచి దిగిపోతాయి.