పోర్టు ఒకటే అయినా ఛార్జింగ్ ఒకేలా ఎందుకు ఎక్కదు?

ఈసారి వచ్చిన సందేహాల్లో సగానికి పైగా ఛార్జింగ్ పోర్టు గురించే. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే తీరిగ్గా సమాధానాలిస్తున్నాను. ఒక ప్రశ్నకు చెప్పింది ఇంకో ప్రశ్నకూ పనికొస్తుంది కాబట్టి వరుసగా చదవండి.

ప్రశ్న: మా ఇంట్లో మూడు ఫోన్లకు టైప్-సి పోర్టు. నాన్నగారి పాత ఐఫోన్‌కు మాత్రం వేరే పిన్ను. ఆయన కేబుల్ మాకు పనికిరాదు, మాది ఆయనకు పనికిరాదు. ఇన్నేళ్లపాటు కంపెనీలు ఒకే పోర్టు ఎందుకు పెట్టలేదు? కేబుళ్లు అమ్ముకోవడానికేనా?

జవాబు: అమ్ముకోవడం ఒక కారణమే, కానీ కథ అక్కడ మొదలవలేదండీ. తొలి రోజుల్లో అందరూ వాడదగ్గ ప్రమాణమంటూ ఏదీ లేదు. నోకియాలోనే ముందు లావు పిన్ను, తర్వాత సన్న పిన్ను వచ్చాయి. సోనీ ఎరిక్సన్‌ది వెడల్పాటి పట్టీ లాంటి పిన్ను. శాంసంగ్ తీరు ఇంకొకటి. ఎవరింటికైనా వెళ్తే ‘సన్న పిన్ను ఛార్జర్ ఉందా?’ అని అడిగిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

2009లో యూరోపియన్ కమిషన్ చొరవతో పెద్ద ఫోన్ కంపెనీలు మైక్రో-యూఎస్‌బీని ఉమ్మడి పోర్టుగా ఒప్పుకున్నాయి. తర్వాత చేరినవాటితో కలిపి మొత్తం 14 కంపెనీలు. అయితే అది చట్టం కాదు, ఇష్టపూర్వకంగా చేసుకున్న ఒప్పందం. ఫోన్‌కు వేరే పోర్టు ఉన్నా, మధ్యలో తగిలించే అడాప్టర్ దొరికేలా చూస్తే చాలన్న వెసులుబాటు అందులో ఉంది. ఆపిల్ ఆ వెసులుబాటునే వాడుకుంది. 2003 నుంచి ఐపాడ్‌లలో, తర్వాత ఐఫోన్లలో ఉన్న 30 పిన్నుల వెడల్పాటి పోర్టును వదిలి, 2012 సెప్టెంబరులో ఐఫోన్ 5తో లైట్నింగ్ తెచ్చింది.

ఆ సమయానికి లైట్నింగ్ నిజంగానే మెరుగైన పోర్టు. చిన్నది, గట్టిది, ఎటు తిప్పి పెట్టినా పట్టేది. మైక్రో-యూఎస్‌బీ అలా కాదు. చీకట్లో తడుముకుంటూ తలకిందులుగా తోసి పోర్టు పాడుచేసుకున్నవాళ్లు ఎంతమందో. కాబట్టి 2012లో ఆపిల్ తన దారి తాను చూసుకోవడాన్ని నేను తప్పు పట్టను.

నా అభ్యంతరం ఆ తర్వాతి కాలం మీద. 2014 ఆగస్టులో టైప్-సి ప్రమాణం ఖరారైంది. అదీ ఎటు తిప్పినా పడుతుంది, 24 పిన్నులున్నాయి, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్ దాకా అన్నిటికీ సరిపోతుంది. ఆపిల్ కూడా దాన్ని మెచ్చింది. 2015లో వచ్చిన పలుచటి మ్యాక్‌బుక్‌కు ఛార్జింగ్‌కైనా డేటాకైనా ఉన్న ఒకే ఒక్క పోర్టు టైప్-సి. 2018లో ఐప్యాడ్ ప్రోకూ అదే పెట్టారు. ఐఫోన్‌కు మాత్రం 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. లైట్నింగ్ కేబుల్‌ను అధికారికంగా తయారుచేయాలంటే వేరే కంపెనీలు ఆపిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. పిన్నులో ఒక చిన్న చిప్ ఉంటుంది, అది అసలుదో కాదో ఫోన్ సరిచూసుకుంటుంది. నాసిరకం కేబుళ్లను ఆపడానికి అది పనికొచ్చిన మాట నిజమే. అదే ఏర్పాటు వాడేవాళ్లను ఒకే కంపెనీ వస్తువులకు కట్టేసిన మాటా నిజమే.

మార్పు వచ్చింది చట్టంతో. యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2022లో ఆదేశం తెచ్చింది. దాని ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మకానికి వచ్చే కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు వంటివాటికి, వైరుతో ఛార్జయ్యేవైతే, టైప్-సి తప్పనిసరి. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. పారేసినవీ వాడకుండా మూలన పడేసినవీ కలిపి ఛార్జర్ల వల్ల ఏటా 11,000 టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగవుతోందని కమిషన్ అంచనా వేసింది. చట్టం పెడితే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని ఆపిల్ వాదించింది. ఆ వాదనను కొట్టిపారేయలేం. 2009లోనే మైక్రో-యూఎస్‌బీని చట్టం చేసి ఉంటే దానికంటే మంచి పోర్టు రావడం ఆలస్యమయ్యేదేమో. అందుకే ఈ ఆదేశంలో, సాంకేతికత మారినప్పుడు ప్రమాణాన్ని మార్చుకునే అధికారం కమిషన్‌కు ఇచ్చారు. ఆ ఒక్క ఏర్పాటు వల్లే నేను ఈ చట్టానికి మనస్ఫూర్తిగా మద్దతిస్తాను.

ప్రశ్న: నా ఫోన్ డబ్బా మీద 80 వాట్లని ఉంది. దానితో వచ్చిన ఛార్జర్‌తో అరగంటలోనే చాలావరకు ఎక్కుతుంది. ఆఫీసులో 100 వాట్ల టైప్-సి ఛార్జర్‌తో పెడితే గంటలు పడుతోంది. వాట్లు ఎక్కువున్నా నెమ్మది ఎందుకు?

జవాబు: నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన ప్రశ్న ఇదే. పోర్టు ఆకారం ఒకటైంది కానీ, ఛార్జర్‌కూ ఫోన్‌కూ మధ్య జరిగే సంభాషణ ఇంకా ఒకటి కాలేదు.

కేబుల్ తగిలించగానే మొదట వచ్చేది 5 వోల్టులే. ఆ తర్వాత ఫోన్, ఛార్జర్ మాట్లాడుకుంటాయి. ‘నేను 9 వోల్టులు ఇవ్వగలను, 15 ఇవ్వగలను, 20 ఇవ్వగలను’ అని ఛార్జర్ చెబుతుంది, ‘నాకు 9 చాలు’ అని ఫోన్ అడుగుతుంది. ఇలా మాట్లాడుకోవడానికి అందరికీ తెరిచి ఉన్న పద్ధతి పేరు యూఎస్‌బీ పవర్ డెలివరీ. పీడీ అని రాసి కనిపిస్తుంది. దీనిలోనే పీపీఎస్ అని ఇంకో సదుపాయం ఉంది. దానితో ఫోన్ తనకు కావాల్సిన వోల్టేజీని కొద్దికొద్దిగా సవరించి అడగగలదు. అందువల్ల ఫోన్ లోపల వేడి తగ్గుతుంది.

దీనికి పక్కనే కంపెనీల సొంత పద్ధతులు పుట్టాయి. ఫోన్ చిప్‌లు తయారుచేసే క్వాల్‌కామ్ తెచ్చిన క్విక్ ఛార్జ్ వోల్టేజీ పెంచే దారి పట్టింది. ఒప్పో కంపెనీ పద్ధతి వూక్ దానికి ఎదురు దారిలో వెళ్లింది. వోల్టేజీ 5 దగ్గరే ఉంచి కరెంటు 4 ఆంపియర్ల దాకా పెంచింది. వోల్టేజీని దించే పని ఫోన్ లోపల లేకపోవడంతో ఆ వేడి ఛార్జర్ దగ్గరే ఉండిపోయింది, ఫోన్ చల్లగా ఉంది. ఇంజినీరింగ్ పరంగా అది చక్కటి ఆలోచన. ఇబ్బందేమిటంటే, అంత కరెంటుకు వాళ్ల ఛార్జర్, వాళ్ల కేబుల్ రెండూ ఉండాలి. హువావే, షావోమీ లాంటి కంపెనీలకూ ఇలాంటి సొంత పద్ధతులున్నాయి.

మీ విషయంలో జరుగుతున్నది ఇదే. ఆఫీసు ఛార్జర్ పీడీ మాట్లాడుతోంది, మీ ఫోన్ పూర్తి వేగానికి సొంత భాషే అడుగుతోంది. భాష కుదరనప్పుడు రెండూ ఎంతో కొంత కుదిరే తక్కువ స్థాయికి దిగిపోతాయి, కొన్నిసార్లు ఆ మొదటి 5 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. ఛార్జర్ మీద 100 రాసి ఉన్నా మీకు అందేది పదో పదిహేనో వాట్లు.

మీరు చేయగలిగింది చెబుతాను. ఫోన్ వివరాల్లో 80 వాట్ల అంకె కాదు, పీడీతో ఎన్ని వాట్లు తీసుకుంటుందో చూడండి. చాలా కంపెనీలు దీన్ని చిన్న అక్షరాల్లోనే రాస్తాయి, కొన్ని అసలే రాయవు. ఛార్జర్ మీద ‘ఔట్‌పుట్’ అన్న వరుస చదవండి. అక్కడ 5, 9, 15, 20 వోల్టులు ఒక్కోటీ విడిగా కనిపిస్తే అది పీడీ ఛార్జర్ అయ్యే అవకాశం ఎక్కువ. పీపీఎస్ ఉంటే ‘3.3 నుంచి 11 వోల్టులు’ లాంటి పరిధి కూడా రాసి ఉంటుంది. కొత్త ఫోన్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. సొంత పద్ధతిలో వంద వాట్లు ఎక్కే ఫోన్ కంటే, పీడీతో ఎక్కడైనా 45 వాట్లు తీసుకునే ఫోన్ నాకు ఎక్కువ ఉపయోగం. ఈయూ ఆదేశంలో ఈ విషయమూ ఉంది. 15 వాట్లు దాటే పరికరానికి పీడీ తప్పనిసరి, దానితో పాటు సొంత పద్ధతి పెట్టుకున్నా పీడీకి అది అడ్డురాకూడదు.

ప్రశ్న: టైప్-సి ఉన్న చిన్న టార్చిలైటు కొన్నాను. పాత ఛార్జర్‌తో, అంటే ఒకవైపు వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో బాగానే ఎక్కుతుంది. రెండువైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో మాత్రం అసలు ఎక్కదు. కేబుల్ పాడైందా?

జవాబు: కేబుల్ బాగానే ఉందండీ, లోపం టార్చిలోనే. నాకూ ఒక చిన్న ఫ్యాన్‌తో ఇదే జరిగింది. రెండు కేబుళ్లు, మూడు ఛార్జర్లు మార్చి చూశాక గానీ కారణం తట్టలేదు.

పాత వెడల్పాటి పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. టైప్-సి ఛార్జర్ అలా కాదు. అవతల కరెంటు తీసుకునే పరికరం ఉందని తెలిసేదాకా కరెంటే వదలదు. ఆ సంగతి తెలిపేది పరికరంలోని 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంటే కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం. అవతల ఏముందో గుర్తించడానికి పోర్టులో ఉండే రెండు సీసీ పిన్నులకు ఒక్కొక్కటి చొప్పున రెండు ఉండాలి. చాలా చవకైన భాగాలవి. వాటిని కూడా మిగుల్చుకుందామని కొందరు తయారీదారులు వదిలేస్తారు. ఆకారం టైప్-సి అయినా అది పూర్తి టైప్-సి కాదన్నమాట.

పేరున్నవాళ్లకూ ఈ పొరపాటు జరిగింది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో రెండు సీసీ పిన్నులనూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. దాంతో చిప్ ఉన్న మంచి కేబుళ్లతో పెడితే ఛార్జర్ దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటు ఇవ్వలేదు. వాళ్లు తప్పు ఒప్పుకుని తర్వాతి బోర్డుల్లో సరిదిద్దారు. మీ టార్చికి పాత కేబుల్‌నే కేటాయించి వాడుకోండి, ప్రమాదమేమీ లేదు. కొని ఎన్నాళ్లో కాకపోతే మాత్రం వెనక్కి ఇచ్చేయండి, కారణం కూడా రాయండి. అలా రాసేవాళ్లు పెరిగితేనే ఆ రెండు రెసిస్టర్లు తిరిగి వస్తాయి.

ప్రశ్న: టైప్-సి కేబుళ్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నాయి. ధరల్లో తేడా ఎందుకు? చవకది వాడితే ఫోన్ పాడవుతుందన్న టెన్షన్ ఉంది.

జవాబు: పైకి ఒకేలా కనిపించడమే టైప్-సికి ఉన్న పెద్ద లోపం. మామూలు సి-నుంచి-సి కేబుల్ 3 ఆంపియర్ల దాకా, అంటే 60 వాట్ల వరకు మోస్తుంది. అంతకు మించి 5 ఆంపియర్లు మోయాలంటే కేబుల్‌లో ఈ-మార్కర్ అనే చిప్ ఉండాలి. ‘నేను ఇంత భారం మోయగలను’ అని ఛార్జర్‌కు చెప్పేది అదే. కొత్త ప్రమాణంలో ఇది 240 వాట్ల దాకా వెళ్లింది. డేటా వేగం ఇంకో లెక్క. 240 వాట్లు మోసే కేబుల్ కూడా డేటా దగ్గర పాత 480 మెగాబిట్ల వేగంతోనే ఉండొచ్చు. ఫోన్ల సంగతీ అంతే. ఐఫోన్ 15కు టైప్-సి ఉన్నా డేటా వేగం 480 మెగాబిట్లే, 15 ప్రోలో అయితే 10 గిగాబిట్ల దాకా వెళ్తుంది.

భయం విషయానికొస్తే, దానికి ఆధారం ఉంది. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ 2015 చివర్లో అమెజాన్‌లో దొరికే టైప్-సి కేబుళ్లను కొని స్వయంగా పరీక్షించడం మొదలుపెట్టారు. పాత యూఎస్‌బీ నుంచి టైప్-సికి వెళ్లే కేబుళ్లలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిన చోట చాలావాటిలో 10 కిలో ఓమ్‌లది కనిపించింది. దాన్ని చూసి ఫోన్ ‘అవతల 3 ఆంపియర్లున్నాయి’ అనుకుని లాగేస్తుంది, అంత ఇవ్వలేని పాత పోర్టు దెబ్బతింటుంది. 2016 ఫిబ్రవరిలో వైర్లే తారుమారుగా కలిపిన ఒక కేబుల్ ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్‌ను పాడుచేసింది. కొద్ది వారాలకే, ప్రమాణానికి సరిపోని టైప్-సి కేబుళ్ల అమ్మకాన్ని అమెజాన్ నిషేధించింది. ఒక్క మనిషి ఓపికగా చేసిన పనికి అంత ఫలితం వచ్చింది, ఆయనంటే నాకు చాలా గౌరవం. మీరు కేబుల్ కొనేటప్పుడు వాట్లు స్పష్టంగా ముద్రించి ఉన్నది, యూఎస్‌బీ సంస్థ ధ్రువీకరణ గుర్తు ఉన్నది చూసుకుంటే టెన్షన్ అక్కర్లేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ టైప్-సి ఛార్జర్ ఫోన్‌కు పెడితే బ్యాటరీ పేలుతుందా?

జవాబు: పేలదండీ. ఎంత కావాలో అడిగేది ఫోనే. ప్రమాణానికి తగ్గ ఛార్జర్ అడిగినదానికంటే ఎక్కువ వోల్టేజీ పంపదు. నిశ్చింతగా పెట్టుకోండి.

ప్రశ్న: ఏడాదిన్నర వాడాక కేబుల్ వదులుగా ఉంటోంది, కొంచెం కదిపితే ఛార్జింగ్ ఆగిపోతోంది. పోర్టు మార్చాలా?

జవాబు: ముందు శుభ్రం చేసి చూడండి. జేబులోని నూలు పీచు పోర్టు అడుగున గట్టిగా పేరుకుపోయి, పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. ఫోన్ ఆపేసి, సన్నటి చెక్క పుల్లతో నెమ్మదిగా బయటికి లాగండి. లోహపు సూది, గుండుసూది వద్దు. టైప్-సి పోర్టు మధ్యలో పలుచటి నాలుక లాంటిది ఉంటుంది, అది విరిగితే మొత్తం పోర్టు మార్చాల్సిందే. వేరే కేబుల్‌తోనూ చూడండి. పోర్టును 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా రూపొందించారు కాబట్టి, ముందు అరిగేది చాలాసార్లు కేబులే.

ప్రశ్న: ముందు ముందు ఫోన్లకు పోర్టే ఉండదంటున్నారు. ఇప్పుడు టైప్-సి ఛార్జర్లు కొనడం వృథానా?

జవాబు: వృథా కాదు. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది. పైగా ఆ ప్యాడ్‌కు కరెంటు అందాలన్నా ఒక ఛార్జర్, ఒక కేబుల్ కావాలి. ఇప్పుడు వస్తున్న ప్యాడ్‌లలో చాలావాటికి టైప్-సియే.

వైర్‌లెస్‌లో నాకు సంతోషం కలిగించిన సంగతి ఒకటుంది. 2020లో ఐఫోన్ 12తో ఆపిల్ మ్యాగ్‌సేఫ్ తెచ్చింది. ఫోన్ వెనక అయస్కాంతాలు ప్యాడ్‌ను సరిగ్గా చోటులో కూర్చోబెడతాయి. అదీ సొంత పద్ధతిగానే మొదలైంది. కానీ తర్వాత ఆ పరిజ్ఞానాన్ని ఆపిల్ ఉమ్మడి ప్రమాణానికి ఇచ్చింది. దాని ఆధారంగానే 2023లో క్యూఐ2 అనే ఉమ్మడి వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణం వచ్చింది, వేరే కంపెనీలూ ఇప్పుడు అవే అయస్కాంతాలు పెట్టుకోవచ్చు. వైరు మీద వేగంగా ఛార్జ్ చేసే సొంత పద్ధతులున్న కంపెనీలు కూడా ఇదే చేయాలని నేను కోరుకుంటున్నాను. ప్రస్తుతానికి మీరు పీపీఎస్ ఉన్న 45 లేదా 65 వాట్ల పీడీ ఛార్జర్ ఒకటి, 100 వాట్లు మోసే కేబుల్ ఒకటి కొనుక్కోండి. ఈ ఫోన్‌కూ, దీని తర్వాత కొనబోయే ఫోన్‌కూ పనికొస్తాయి.