ఆర్డరు రూ.1.40 లక్షలు, అప్పు రూ.2.60 లక్షలా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. నీటిరంగుల చిత్రాలను పట్టీలుగా కోసి, చాపలా అల్లి, ఫ్రేము కట్టించి అమ్ముతాను. ఇంట్లో భోజనాల బల్ల మీదే పని. ఒక హోటలువారు 40 అడిగారు, ఒక్కోటి రూ.3,500. నలభై షీట్ల కాగితం, ఫ్రేములు, పని గది అడ్వాన్సు కోసం నగల మీద రూ.2 లక్షలు, ఫోను యాప్‌లో రూ.60 వేలు తీసుకుందామనుకుంటున్నాను. మావారి జీతం రూ.42 వేలు, ఇంటి ఖర్చు రూ.32 వేలు, బ్యాంకులో రూ.35 వేలు ఉన్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. మొత్తం ఆర్డరు విలువే రూ.1.40 లక్షలు. దానికి రూ.2.60 లక్షల అప్పా? ఒక్క ఆర్డరు రాగానే అదే నెలనెలా వచ్చే ఆదాయమనుకుని గదులు అద్దెకు తీసుకునేవారి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అందుకే ఈ జవాబు.

అసలు 40 షీట్లు ఎలా సరిపోతాయి? ఒక చిత్రం పడుగు, ఇంకొకటి పేక. రెండు బొమ్మలు కోస్తే చేతికొచ్చేది ఒక్కటే. అంటే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం 80 షీట్లు, పట్టీ వంకరగా తెగి పాడయ్యేవి అదనం. రెండు బొమ్మలు వేసే మీ శ్రమకు ధర కట్టారా?

ఇక అసలు సంగతి. మీ దగ్గరున్న రూ.35 వేలు ఒక నెల ఖర్చు. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1.92 లక్షలు ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు మీ పేటను ముంచెత్తినప్పుడు ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ సరుకంతా కాగితం, దాని మీద నీటిలో కరిగే రంగు. అది పోయినా, హోటలువారు బిల్లు మూడు నెలలు ఆపినా వాయిదా మాత్రం ఆగదు. ఇంట్లో నగలే మీకున్న చివరి ఆసరా, వాటిని బీరువాలోనే ఉండనివ్వండి. యాప్‌ను ఇవాళే ఫోనులోంచి తీసేయండి, దాని గురించి చర్చ కూడా అనవసరం.

హోటలువారిని సగం అడ్వాన్సు అడగండి. పదేసి చొప్పున నాలుగు విడతలుగా ఇచ్చి, విడత విడతకూ డబ్బు తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆర్డరు వదులుకోండి. పని గది ఇప్పుడు వద్దు, బల్ల మీద చేసిన పనే కదా వారికి నచ్చింది! జీతంలో మిగిలే రూ.10 వేలు, ఆర్డరు లాభం మొత్తం అత్యవసర నిధికే. జీతం ఒక్కటే అయితే నిధి నిండడానికి 16 నెలలు పడుతుంది, లాభం కలిస్తే ఇంకా ముందే.

డ్వాక్రా రుణం, హామీ అడగకుండా ముద్ర పథకం కింద రూ.50 వేల వరకు ఇచ్చే ‘శిశు’ రుణం లాంటివి ఆ తర్వాత చూద్దాం. ఆరోగ్య బీమా మీవారి కంపెనీదొక్కటే అయితే, ఉద్యోగంతో పాటే పోతుంది. సొంతంగా ఒకటి తీసుకోండి.

హోటలువారు అడ్వాన్సు ఎంత ఇస్తామన్నారో రాయండి.