లైట్ షోని ఇంటి వైఫైకి కలిపేయొచ్చా?

సొంత ఇల్లు తీసుకున్న మన వాళ్ళు చాలామంది మొదటి డిసెంబర్‌కే పాటకి తగ్గట్టు ఆడే లైట్లు పెట్టాలని ఉత్సాహపడతారు. అప్పుడు అడిగే మొదటి సందేహం ఇదే. ఒక స్ట్రిప్పుని డబ్ల్యూఎల్ఈడీ అనే వైఫై లైట్ సాఫ్ట్‌వేర్‌తో వెలిగించుకోవడానికైతే భేషుగ్గా కలపొచ్చు. ఇంటి ముందంతా నింపాలంటే మాత్రం వద్దు.

కారణం మీరనుకునే స్పీడ్ కాదు. పిక్సెల్‌కి, అంటే విడిగా రంగు మార్చగల ఒక్కో బల్బుకి, మూడు రంగులు, మూడు ఛానెళ్ళు. లైట్ల డేటాని నెట్‌వర్క్‌లో పంపే ఈ1.31 పద్ధతిలో ఒక యూనివర్స్‌కి, అంటే ఒక్కో ఛానెళ్ళ కట్టకి, 512 ఛానెళ్ళు కాబట్టి 170 పిక్సెళ్ళు పడతాయి. వెయ్యి పిక్సెళ్ళకి 6 యూనివర్స్‌లు, సెకనుకి 40 ఫ్రేములైతే 240 ప్యాకెట్లు, అంతా కలిపినా ఒకటిన్నర మెగాబిట్ దాటదు. అసలు గొడవంతా మల్టీకాస్ట్‌తో, అంటే ఒకే ప్యాకెట్‌ని కావాలన్న వాళ్ళందరికీ ఒకేసారి పంపే పద్ధతితో. ఎవరికి కావాలో చూసి పంపే ఐజీఎంపీ స్నూపింగ్ లేని మామూలు స్విచ్ ఆ ప్యాకెట్లని అన్ని పోర్టులకీ తోసేస్తుంది, అవి వైఫైలోకి దూరాయంటే రూటర్ వాటిని సాధారణంగా బాగా తక్కువ రేటులో పంపుతుంది, పైగా అందాయో లేదో చూసుకోదు, పోయిన ప్యాకెట్ పోయినట్టే. బయట లైట్లు తడబడతాయి, లోపల మీ ఆఫీసు కాల్ తెగిపోతుంది. అందుకని లైట్లని పాటకి అమర్చే ఎక్స్‌లైట్స్ సాఫ్ట్‌వేర్‌లో యూనికాస్ట్ (ఒక్క పరికరానికే పంపడం) పెట్టి, లైట్లని నడిపే కంట్రోలర్ ఐపీ ఇవ్వండి. కంట్రోలర్‌లో ఈ1.31 బదులు వాడే డీడీపీ పద్ధతి ఉంటే అదే వాడండి, యూనివర్స్‌లు లెక్కపెట్టుకునే తలనొప్పి తప్పుతుంది.

నా సలహా అయితే, షోకి నెట్‌వర్కే వేరుగా ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో షోని నడిపే ఫాల్కన్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వేసి, దాని వైఫైని ఇంటి రూటర్‌కి, ఈథర్‌నెట్‌ని ఒక చవక స్విచ్‌కి కలిపి, కంట్రోలర్లన్నీ ఆ స్విచ్‌కే తగిలించండి. ఇంటి ఐపీలు 192.168.1 వరసలో ఉంటే షోకి 192.168.50 పెట్టుకోండి. రెండు వైపులా ఒకే వరస ఇస్తే ఏ ప్యాకెట్ ఎటు పంపాలో రాస్ప్‌బెర్రీ పైకి తెలియదు, అప్పుడు మీరు రాత్రంతా కేబుళ్ళు మారుస్తూ కూర్చుంటారు. ఈథర్‌నెట్ వైపు గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే చిరునామా) ఖాళీగా వదిలేయండి, కంట్రోలర్లకి స్టాటిక్, అంటే మారని, ఐపీలు ఇచ్చి ఏది దేనిదో పెట్టె మూత మీదే రాసుకోండి. ల్యాప్‌టాప్ నుంచి కంట్రోలర్ పేజీ తెరవాలంటే ఫాల్కన్ ప్లేయర్‌లోనే ప్రాక్సీ, అంటే మధ్యలో ఉండి ఆ పేజీని అందించే సదుపాయం, ఉంది.

కేబుల్ లాగడం కుదరని మూల ఏదైనా ఉంటే అక్కడ ఇంకో ప్లేయర్ పెట్టి, ప్లేయర్లన్నిటినీ ఒకే టైమింగ్‌లో నడిపే మల్టీసింక్ వాడండి. ఏ లైటు ఎప్పుడు ఎలా వెలగాలో ఉండే సీక్వెన్స్ ఫైలు దాని దగ్గరే ఉంటుంది, గాల్లో వెళ్ళేది టైమింగ్ మాత్రమే, కాబట్టి ఆ పనికి వైఫై చాలు. మిగతా చోట్ల బయట వాడే రకం క్యాట్5ఈ, 100 మీటర్ల లోపు, కరెంటు తీగలకి ఎడంగా.

ఫోన్ నుంచి ఎక్కడున్నా ఆపొచ్చు కదా అని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి తెరవడం, మాత్రం చేయకండి. ఊరెళ్ళినప్పుడు చూసుకోవాలంటే వీపీఎన్ పెట్టుకోండి.