కాలేజీ స్పోర్ట్స్ మీట్ లైవ్ షూట్ చేసిన మీడియా స్టూడెంట్స్ ఎవరన్నా ఉన్నరా? ఎట్లుంటది, ఏం రెడీ చేస్కోవాలె?

నేను చేసిన. హనుమకొండల జర్నలిజం చదివేటప్పుడు ప్రాక్టికల్స్ కోసం మా బ్యాచోళ్లం పరకాల దిక్కు ఒక ఊర్ల కబడ్డీ టోర్నమెంట్ యూట్యూబ్‌ల లైవ్ ఇచ్చినం. మీరు మీ మీట్‌ల కబడ్డీ, రన్నింగ్ రెండూ ఉన్నయన్నరు, ఏ కెమెరా తీస్కోవాలె అని అడిగిన్రు. కెమెరాది తర్వాత మాట్లాడుకుందాం గని ముందు ఆట తెల్సినోళ్లు మీ టీంల ఎవరున్నరో చూస్కోండి, నా లెక్కల అదే పెద్ద పని.

ఎందుకంటే మా దాంట్ల ఫొటోగ్రఫీ మస్తు తెల్సిన పోరడు ఒకడుండె, ఫ్రేమ్ పెడ్తె సార్లు కూడ మెచ్చుకునేటోళ్లు, వాణ్ని క్లోజప్ కెమెరా మీద పెట్టినం. వాడు రైడర్ మొఖం మీదనే ఉంటడు, చెమట, మట్టి అన్నీ సూపర్ కన్పిస్తున్నయ్, కని పాయింట్ ఎట్లొచ్చిందో చూసేటోళ్లకు సమజ్ అయితలేదు. కబడ్డీల కథంత కాళ్ల కాడ ఉంటది కదా, రైడర్ బాక్ లైన్ (రైడ్ చెల్లాలంటే దాటాల్సిన గీత) దాటిండా లేదా, బోనస్ లైన్ అవతల కాలు పెట్టినప్పుడు వెనక కాలు గాల్ల ఉన్నదా లేదా, అప్పుడు కోర్టుల డిఫెండర్లు ఆరుగురో ఏడుగురో ఉన్నరా, ఇవి కన్పించకపోతే ఆ బోనస్ పాయింట్ ఎందుకిచ్చిన్రో ఎవరికి తెలుస్తది? కామెంట్లల్ల అంపైర్‌ను తిట్టుడు షురూ అయింది, పాపం ఆయన కరెక్టే ఇచ్చిండు.

అప్పుడు నర్సంపేట దగ్గరి ఊరామె ఒకామెను ఆ కెమెరా మీదికి మార్చినం. స్కూల్ల ఉన్నప్పుడు కబడ్డీ ఆడింది, కెమెరా మాత్రం అంతగ అలవాటు లేదు. కని డిఫెన్స్‌ల ముగ్గురే మిగిలిన్రంటే చాలు, ఎవరూ చెప్పకముందే వెడల్పు చేసేది, ఎందుకంటే ముగ్గురు గని అంతకన్న తక్కువ గని ఉండి రైడర్‌ను పట్టుకుంటే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు, ఆ పట్టు ఏ మూల నుంచి పడ్తదో చెప్పలేం. వరుసగ రెండు రైడ్‌లు ఖాళీగ పోయినయంటే మూడోది డూ ఆర్ డై, అంటే పాయింట్ తేకపోతే రైడరే అవుట్ అని ఆమెకు యాదికుండేది, ఇక రైడర్ కాళ్లు వదిలేది కాదు. పాయింట్ వచ్చినంక ఒకసారి అవుటయి కూసున్నోళ్ల దిక్కు కూడ తిప్పేది, ముందు అవుటయినోడే ముందు లోపలికొస్తడు కాబట్టి మెయిన్ రైడర్ ఎంత దూరంల ఉన్నడో అక్కడ తెలుస్తది. ఇవి ఏ కెమెరా క్లాసుల చెప్తరు చెప్పండి.

ఇక కెమెరాలు ఏడ పెట్టాలె అంటే, మెయిన్‌ది మిడ్ లైన్‌కు నేరుగ, జర ఎత్తుల. మాకు స్టాండ్ లేక ట్రాక్టర్ ట్రాలీ మీద ట్రైపాడ్ పెట్టినం, మంచిగనే పనిచేసింది, ఎవరూ ఎక్కకుంట ఒకరిని కాపలా పెట్టాలె అంతే. మగోళ్ల కోర్టు 13 మీటర్ల పొడుగు 10 మీటర్ల వెడల్పే కాబట్టి ఒక్క వైడ్‌ల మొత్తం వచ్చేస్తది. రెండో కెమెరా అదే దిక్కు కింద. అవతలి దిక్కు పెట్టకండి, పెడ్తె కట్ చేసినప్పుడల్ల కుడి దిక్కు పోయేటోడు ఎడమ దిక్కు పోతున్నట్టు కన్పించి ఏ టీం రైడ్‌ల ఉందో ఆగమాగం అయితది. మట్టి కోర్టు అయితే సున్నం గీతలు సెకండ్ హాఫ్ వరకు చెరిగిపోతయ్, హాఫ్ టైంల మళ్ల గీయమని ముందే పీఈటీ సార్‌తోని మాట్లాడి పెట్టుకోండి.

రాత్రి మ్యాచ్‌లైతే లైట్లతోని పంచాయితీ ఉంటది. మన కరెంట్ 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకు 25 గని 50 గని ఫ్రేమ్స్ పెట్టి షట్టర్ స్పీడ్ సెకన్ల 1/50 లేకపోతే 1/100 వంతు ఉంచాలె, వేరే పెడ్తె ఎల్‌ఈడీ ఫోకస్ లైట్ల కింద వీడియోల చారలు కొట్టుకుంటయ్. జనరేటర్ మీదికి మారినప్పుడు మళ్ల ఒకసారి చెక్ చేయాలె, చిన్న జనరేటర్లల్ల ఆ 50 నిలకడగ ఉండదు.

నెట్ సంగతి మాత్రం రాసిపెట్టుకోండి. పొద్దున ఖాళీ గ్రౌండ్‌ల స్పీడ్ టెస్ట్ చేస్తే మస్తు వస్తది, సాయంత్రం జనం వచ్చి అందరూ స్టేటస్‌లు పెట్టుడు మొదలువెడ్తే అదే సిగ్నల్ కుయ్యోమంటది. మాకు సెమీస్‌ల స్ట్రీమ్ ఆగింది, అందరం కాన్ఫరెన్స్ కాల్ మీద మాట్లాడుకుంటున్నం కాబట్టి అది కూడ దాంతోపాటే పోయింది, ఇక స్విచింగ్ చేసేటోడు (ఏ కెమెరా బొమ్మ లైవ్‌ల పోవాలో మార్చేటోడు) కుర్చీ మీద ఎక్కి చేతులు ఊపుడే. కాలేజీల వైర్ నెట్ ఉంటే అదే అడగండి, లేకపోతే రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకొని 1080 క్వాలిటీ మీద ఆశ వదిలేసి అంతకన్న తక్కువ 720 ల ఇయ్యండి. ప్రతి కెమెరాల కార్డు మీద రికార్డింగ్ నడవాలె, లైవ్ పోయినా ఫుటేజ్ మిగుల్తది. దూరం ఎక్కువుంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ నమ్మకండి, ఎస్‌డీఐ (దూరానికి పనికొచ్చే వీడియో కేబుల్) కిరాయికి తీస్కోండి.

సౌండ్‌ను అందరూ పక్కన పెడ్తరు. మైక్ సెట్టు మిక్సర్ నుంచి కామెంటరీ లైన్ తీస్కోండి, దాంతోపాటు కోర్టు అంచుకు ఒక మైక్ పెట్టి కూత వినిపించేటట్టు చూడండి, కూత లేని కబడ్డీ చూడబుద్ధి కాదు.

రన్నింగ్ వేరే లోకం. 2021 సెప్టెంబర్‌ల మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల (జేఎన్ఎస్) 60వ నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినయ్ కదా, అక్కడ్నే హర్మిలన్ బైన్స్ ఆడోళ్ల 1500 మీటర్లు 4:05.39 ల కొట్టి 2002 నుంచి ఉన్న సునీతా రాణి రికార్డ్ దాటింది. అసొంటి రేస్‌ల పోటీ పక్కోళ్లతోని కాదు గడియారంతోని, కాబట్టి స్క్రీన్ మీద టైం కన్పించకపోతే ఒకామె ఒంటరిగ ఉరుకుతున్నట్టే ఉంటది. మీ మీట్‌ల కూడ మీట్ రికార్డులు ఏమున్నయో ముందే రాసుకొని గ్రాఫిక్స్ చేసేటోళ్లకు ఇయ్యండి. 100 మీటర్లకు ఫినిష్ లైన్ దాటినంక ఎదురుగ ఒక కెమెరా, పక్కకు ఒకటి చాలు, ఫొటో ఫినిష్ కెమెరా (ఎవరు ముందు గీత దాటిన్రో తేల్చేది) ఉంటే దానికి అడ్డం నిలబడకండి, ఆఫీషియల్స్ ఊకోరు.

కెమెరాకు వస్తే, కాలేజీల ఏదుంటే అది. జూమ్ ఉన్న పాత హ్యాండీక్యామ్ అయినా సరే, ఊకె వేడెక్కి ఆగిపోయే డీఎస్‌ఎల్‌ఆర్ కంటే లైవ్‌కు అదే నయం. మీ గ్రౌండ్ ఇండోరా బయటనా, కబడ్డీ మ్యాట్ మీదనా మట్టి మీదనా కామెంట్‌ల చెప్పండి, పొజిషన్లు గీసి పెడ్త.