కథలు రాసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఈఏపీసెట్ ర్యాంకుకు సీఎస్ఈ సీటు వచ్చేలా ఉంది. తనేమో సినిమాలకూ వెబ్ సిరీస్‌లకూ రైటర్ అవుతానంటోంది. ఆర్నెల్ల ఆన్‌లైన్ స్టోరీటెల్లింగ్ కోర్సుకు రూ.45 వేలు కట్టమని ఇంట్లో రోజూ గొడవ. పరీక్షల ముందు తన కథల నోటుబుక్కులు బీరువాలో పెట్టి తాళం వేశాం. ఇంజినీరింగా, బీఏనా, ఆ కోర్సా? తను రాసిన కథ ఒకటి జత చేశాను, చూసి చెప్పండి.

జవాబు: ఏటా సీట్ల సమయానికి నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కోర్సు పేర్లు మారతాయి గానీ లోపల ఉండే భయం ఒకటే: కథల్ని నమ్ముకుంటే పిల్ల ఎలా బతుకుతుంది? ముందు దాని సంగతి చూద్దాం.

మన పెద్ద కథకుల్లో చాలామందికి బతుకుతెరువు వేరే ఉండేది. మీ ఊళ్లోనే గురజాడ అప్పారావుగారు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు, సంస్థానంలో ఉద్యోగం చేశారు. రావిశాస్త్రిగారు విశాఖలో ప్లీడరు. కాళీపట్నం రామారావుగారు బడిపంతులు. పాలగుమ్మి పద్మరాజుగారు కెమిస్ట్రీ లెక్చరరుగా పనిచేశారు. రావిశాస్త్రిగారికైతే కోర్టే బోలెడు కథల్నిచ్చింది. కాబట్టి చదువు కావాలంటే కథ మానెయ్యాలన్న టెన్షన్ మీరూ పెట్టుకోకండి, పాపకూ పెట్టకండి.

ఇక మీరు పంపిన కథ. పక్కింటి మామ్మ తన గేదెను అమ్ముకోవడం, దాన్ని ఒక చిన్నపిల్ల చూడటం. అయిదు పేజీల్లో మొదటి మూడూ చెరువు, కొబ్బరిచెట్లు, తెల్లవారడం. బేరగాడు వచ్చేసరికి నాలుగో పేజీ. చివర్లో మామ్మ గేదె మెడలో పలుపు విప్పి, కొన్నవాడికి ఇవ్వకుండా కొంగులో చుట్టుకుంటుంది. ఏడ్చిందని పాప ఎక్కడా రాయలేదు. పదిహేడేళ్ల పిల్ల అక్కడ ఆగగలగడం నాకు చాలా నచ్చింది.

లోపాలూ చెప్తాను. కథలో ఒక మనిషికి ఏదో కావాలి, దానికి ఏదో అడ్డం పడాలి. మామ్మకు డబ్బు కావాలి, గేదెను వదల్లేదు. సంఘర్షణంటే ఈ పెనుగులాటే. అది మూడు పేజీల దాకా మొదలే కాలేదు. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మొగుడు తలుపు తీయమని పిలవడంతో మొదలవుతుంది. ఆ కాపురంలో ఏదో తేడా వచ్చిందని మనకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. పాప కథలో చెరువును తీసేయనక్కర్లేదు. గేదె నీళ్లు తాగుతుంటే బేరగాడు గట్టున నిలబడి పొదుగు వైపు చూస్తున్నాడనుకోండి, అదే చెరువు కథలోకి వచ్చేస్తుంది. ఇంకొకటి, కథంతా చిన్నపిల్ల కళ్లతో నడుస్తూ, మధ్యలో ‘రాత్రంతా మామ్మ అప్పు గురించి ఆలోచించింది’ అని ఉంది. ఆ సంగతి ఈ పిల్లకెలా తెలిసింది? మామ్మ పొద్దున్నే వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం పిల్ల చూస్తే చాలు.

ఆ రూ.45 వేల కోర్సు మీద నా అనుమానం కూడా ఇక్కడే. పాత్ర, ఇతివృత్తం, నేపథ్యం, దృష్టికోణం అనే మాటలు వారంలో నేర్చుకోవచ్చు. ఇలాంటి కోర్సుల్లో చాలావాటిలో నేను చూసింది రికార్డు చేసిన వీడియోలు, ఫలానా పేజీలో మలుపు రావాలనే లెక్క, చివర్లో సర్టిఫికెట్. పిల్ల రాసింది చదివి, ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్లీ రాయమని వెనక్కి పంపేవాళ్లు కావాలి. ఆ పని ఎవరు చేస్తారో, ఎన్ని కథలు దిద్దుతారో, ఆ నేర్పేవాళ్లు ఏం రాశారో అడగండి. సూటిగా చెప్పకపోతే డబ్బు కట్టొద్దు. సర్టిఫికెట్ చూసి కథ తీసుకునే నిర్మాత నాకింతవరకూ తగల్లేదు. సినిమాల్లో కొత్తవాళ్లు చాలామంది ఎవరో రచయిత దగ్గరో దర్శకుడి దగ్గరో సహాయకులుగా మొదలవుతారు. జీతం ఖాయంగా ఉండదు, తెర మీద పేరు పడుతుందన్న హామీ ఉండదు. ఈ మాట పాపకు ఇప్పుడే తెలియాలి.

మీకూ ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. నోటుబుక్కులకు తాళం వేయడం ఏం పని? ఆ పిల్ల చెడు తిరుగుళ్లు తిరిగిందా, మార్కులు తగ్గించుకుందా? రాసుకుంటూనే ర్యాంకు తెచ్చుకుంది. మీ ఉత్తరంలో ర్యాంకు ఉంది, ఫీజు ఉంది, కథ ఎలా ఉందన్న ఒక్క ముక్క లేదు. మీరసలు చదివారా? ఈ రోజే అవి తీసి ఇచ్చేయండి. తాళం వేసినందుకు తప్పయిందని కూడా చెప్పండి. తండ్రి ఆ మాటంటే పిల్ల ఉద్యోగం గురించి మీరు చెప్పేదీ వింటుంది.

సీటు విషయానికొస్తే, లెక్కలూ కోడింగూ నచ్చితే సీఎస్ఈలో చేర్చండి, రాత్రిళ్లు రాసుకుంటుంది. నచ్చకపోతే బలవంతం చేయొద్దు, బ్యాక్‌లాగ్‌లు మిగులుతాయి. బీఏలో సాహిత్యం, జర్నలిజం చదివితే రాతకు దగ్గరగా ఉంటుంది, కానీ ఉద్యోగానికి ఆపైన పీజీయో బీఈడీయో చేయాల్సి రావచ్చు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ కూడా చూడండి. పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌రైటింగ్ చదవాలంటే ముందు డిగ్రీ ఉండాలి. అంటే ఇంజినీరింగ్, బీఏల్లో ఏది చదివినా ఆ దారి పోదు.

శ్రీకాకుళం మీకు బస్సు దూరం. కాళీపట్నం రామారావుగారు 1997లో అక్కడ పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయానికి ఒక రోజు పాపను తీసుకెళ్లండి. వేల కథలున్నాయి. వచ్చాక గేదె కథను బేరగాడు రావడంతో మొదలుపెట్టి మళ్లీ రాయమనండి. ఆ ప్రతి నాకు పంపిస్తే దిద్ది వెనక్కి పంపుతాను. ఈ లోపు సీటు ఆప్షన్లు మీరొక్కరే పెట్టేయకండి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టండి.