హేస్టీ అంటే చురుకు కాదు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పోటీ పరీక్షల ఇంగ్లిష్‌లో తొందరకు సంబంధించిన పదాలన్నీ నాకు ఒకేలా కనిపిస్తాయి. మాక్ ఇంటర్వ్యూలో నా బలం చెప్పమంటే ‘ఐయామ్ ఎ హేస్టీ వర్కర్’ అన్నాను. అలా అనకూడదన్నారు. ఎందుకు?

జవాబు: పని చకచకా చేస్తానని చెప్పడం మీ ఉద్దేశం. ఎదుటివారికి మాత్రం ఆలోచించకుండా చేసేస్తానన్నట్టు వినిపించింది. హేస్టీలో తొందరపాటు ఉంది, కాస్త నింద కూడా ఉంది. అందుకే అది డెసిషన్, కంక్లూజన్ లాంటి మాటల పక్కన తరచుగా కనిపిస్తుంది. మీరు వాడాల్సింది క్విక్ లేదా ప్రాంప్ట్. ప్రాంప్ట్ అంటే జాప్యం లేకుండా, అడిగిన వెంటనే చేయడం. ఉద్యోగమిచ్చేవారు వినాలనుకునే మాట అదే.

తెలుగులో చురుకు మెప్పు, దుడుకు తప్పు కదా! ఇంగ్లిష్ పదాలనూ అలాగే చూడండి, టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. స్విఫ్ట్, ప్రాంప్ట్ ఎక్కువగా మెప్పు వైపు ఉంటాయి. హర్రీ, రష్ అనేవి టైమ్ చాలక పడే హడావిడిని చెబుతాయి. రాష్ అంటే ప్రమాదాన్ని లెక్కచేయకపోవడం, రాష్ డ్రైవింగ్ అని మనం అనేదే. ఇంపెట్యువస్ అంటే ఆవేశంలో ముందుకు దూకే స్వభావం. కర్సరీ అంటే పైపైన చూసి వదిలేయడం.

ప్రెసిపిటేట్ దగ్గర కాస్త ఆగండి. కెమిస్ట్రీలో అది అవక్షేపం, అంటే ద్రావణంలోంచి విడిపోయే ఘనపదార్థం. క్రియగా వాడితే, ఒక పరిణామాన్ని హఠాత్తుగా తెచ్చిపెట్టడం. ఒక రాజీనామా సంక్షోభాన్ని ప్రెసిపిటేట్ చేయొచ్చు. విశేషణమైతే ముందువెనకలు చూడని అని అర్థం; అప్పుడు చివరి ‘టేట్’ను చాలామంది పొట్టిగా ‘టట్’ అని పలుకుతారు. తలకిందులుగా పడటమనే లాటిన్ భావం దీని మూలం. ప్రెసిపిటస్‌తో కలిపేయకండి, అది ముఖ్యంగా నిటారుగా ఉన్న కొండచరియకు వాడే మాట.

హేస్ట్ సాధారణంగా నామవాచకం. క్రియ కావాలంటే హేసన్, అందులో ‘టి’ పలకదు. ‘ఐ హేసన్ టు యాడ్’ అంటే, అపార్థం చేసుకోకముందే ఈ మాట కూడా చెబుతున్నానని. ఆఫీసు ఉత్తరాల్లో ఎక్స్‌పిడైట్ కనిపిస్తుంది. పని త్వరగా పూర్తయ్యేలా చూడటం దాని అర్థం, అందులో నింద లేదు.

చదివేటప్పుడు పదాన్ని ఒంటరిగా రాసుకోకండి. హేస్టీ డెసిషన్, ప్రాంప్ట్ రిప్లై, కర్సరీ గ్లాన్స్ అని జంటగా రాయండి. ఈసారి ఇంటర్వ్యూలో ‘ఐ వర్క్ క్విక్లీ అండ్ చెక్ మై వర్క్’ అనండి. వెంటనే ఉదాహరణ అడుగుతారు, గడువుకన్నా ముందే తప్పుల్లేకుండా ముగించిన ప్రాజెక్టు ఒకటి చెప్పడానికి సిద్ధంగా ఉంచుకోండి.