కార్డు లిమిట్ అత్యవసర నిధి కాదండీ

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. నా వయసు 39, ఐటీ ఉద్యోగం. నెలకు రూ.1.40 లక్షలు చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ రూ.38 వేలు. ఇద్దరు పిల్లల (11, 8 ఏళ్లు) ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు రూ.62 వేలు. వచ్చే మే నెలలో కుటుంబమంతా ఇంగ్లండ్ వెళ్లి, కారు అద్దెకు తీసుకుని కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో పది రోజులు తీరిగ్గా తిరగాలని, పాతకాలపు పబ్బుల్లో బస చేయాలని ఎన్నాళ్ల నుంచో ఆశ. మొత్తం రూ.8 లక్షలవుతుంది. ఆరు లక్షలు పర్సనల్ లోన్ (13 శాతం, మూడేళ్లు), రెండు లక్షలు మా ఆవిడ నగల మీద తీసుకుంటాను. లోన్ డబ్బు ఖాతాలో ఉంటే వీసాకు బ్యాలెన్స్ కూడా బాగా కనబడుతుంది. పొదుపు ఖాతాలోని రూ.1.20 లక్షలు కదపను. అత్యవసరానికి రూ.4 లక్షల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉండనే ఉంది. ప్లాన్ బాగానే ఉందా?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఎనిమిది లక్షల దగ్గర కాదు, ఆఖర్లో ఉన్న కార్డు దగ్గర. ‘కార్డు ఉండనే ఉంది’ అన్న మాట ఈమధ్య చాలామంది రాస్తున్నారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. లిమిట్ మీ డబ్బు కాదు. అడిగితే ఇస్తానని బ్యాంకు చెప్పిన అప్పు. ఉద్యోగం పోయిన నెలలో కార్డు గీకితే గండం గట్టెక్కదు, నెలన్నరలోపే బిల్లై వాకిట్లో నిలబడుతుంది. కట్టలేకపోతే వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పోతుంది.

పైగా మీరు వెళ్లే చోట ఆ లిమిట్ కూడా పూర్తిగా మీ చేతిలో ఉండదు. అక్కడ కారు అద్దెకిచ్చేవాళ్లు సాధారణంగా డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు. డిపాజిట్ కింద కొంత బ్లాక్ చేస్తారు. కారును బట్టి అది వెయ్యి పౌండ్లు దాటినా ఆశ్చర్యం లేదు. పౌండు రూ.120 అనుకుంటే లక్షా ఇరవై వేలు అక్కడే ఇరుక్కుపోయాయి. గదుల అడ్వాన్సులు, పెట్రోలు, తిండి కూడా ఆ కార్డు మీదే పడితే మీరు ‘అత్యవసర నిధి’ అనుకుంటున్నది వారం తిరిగేసరికి సగమవుతుంది.

కాట్స్‌వోల్డ్స్ ఫొటోల్లో తేనెరంగు రాతి ఇళ్లుంటాయి, బైబరీలో ఆర్లింగ్టన్ రో, బోర్టన్ ఆన్ ది వాటర్‌లో విండ్రష్ ఏటి మీద పొట్టి వంతెనలు కనిపిస్తాయి. అవన్నీ అంత అందంగానూ ఉంటాయి. కానీ స్టీరింగ్ పట్టుకున్నవాడికి కనిపించేవి వేరు. పెద్ద రోడ్డు దిగితే చాలాచోట్ల ఒక్క కారే పట్టే దారి. ఇటు మనిషెత్తు పొదల కంచె, అటు సున్నం లేకుండా పేర్చిన రాతి గోడ. ఎదురుగా బండి వస్తే, కాస్త వెడల్పున్న చోటు దాకా ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ట్రాక్టర్ ఎదురైతే ఆ ఎవరో మనమే. నేనూ అక్కడ అలాగే వెనక్కి పోయాను. ఎడమ వెనక చక్రం గోడకు రాసుకుని గరగరమంది. ట్రాక్టరాయన చెయ్యెత్తి థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. కారు తిరిగిచ్చేటప్పుడు అక్కడి కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని రిమ్ చుట్టూ బొటనవేలితో తడిమి, ఏమీ అనకుండా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. నేను ఇంటికొచ్చాక కార్డు మీద 400 పౌండ్ల పైచిలుకు పడింది. గొడవ పెట్టుకోవడానికి లేదు. బీమా ఉన్నా మొదట ఇంత మనమే భరించాలన్న ‘ఎక్సెస్’ కాగితం మీద సంతకం చేసింది నేనే. ఆ డబ్బు నా అత్యవసర నిధిలోంచి తీసి కట్టాను కాబట్టి ఇవాళ దీన్ని కథలా చెబుతున్నాను. మీరైతే దానికీ ఈఎంఐ పెట్టుకోవాలి.

ఇక లెక్కకొద్దాం. ఆరు లక్షల లోన్‌కు నెలకు దాదాపు రూ.20,200 చొప్పున 36 నెలలు. వడ్డీ ఒక్కటే లక్షా పాతిక వేలు దాటుతుంది. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది రూ.40 వేలు, అందులో సగం పోయినట్టే. నగల మీద అప్పుకు వడ్డీ వేరు. పది రోజుల సరదాకు మూడేళ్లు కడుతూ, ఆ మూడేళ్లూ ఐటీ ఉద్యోగం కదలకుండా ఉంటుందని ఏ ధైర్యంతో అనుకుంటున్నారు? మీ ఇంటికి ఈఎంఐతో కలిపి నెలకు లక్ష కావాలి. ఉద్యోగం పోయినా ఆరు నెలలు గడవాలంటే ఆరు లక్షలు. ఎంత పర్సనల్ లోన్ తీసుకోబోతున్నారో, అత్యవసర నిధి సరిగ్గా అంత ఉండాలి. మీ దగ్గరున్నది రూ.1.20 లక్షలు.

కాబట్టి ముందు ఆ నిధి. నెలకు రూ.40 వేలు వేరే ఖాతాలోకి జీతం రోజునే మళ్లించండి. ఏడాదిలో రూ.4.80 లక్షలు, ఉన్నదాంతో కలిపి ఆరు లక్షలు. కొంత పొదుపు ఖాతాలో, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో, కావాలన్నప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండ్‌లోనో పెట్టండి. షేర్లలో మాత్రం వద్దు. దాని మీద ‘ఇంగ్లండ్’ అని రాసుకోకండి, అది వేరు. టూర్ డబ్బు ఆ తర్వాతి ఏడాది అదే నలభై వేలతో మొదలవుతుంది. బోనస్ వస్తే అందులో వేయండి.

వీసా సంగతి కూడా చెప్పాలి. లోన్ డబ్బుతో బ్యాలెన్స్ చూపిస్తానన్నారు. స్టేట్‌మెంట్‌లో లక్ష చుట్టూ తిరిగే ఖాతాలో హఠాత్తుగా ఆరు లక్షలు పడితే వీసా అధికారికి మొదట వచ్చే అనుమానం ఈ డబ్బెక్కడిదనే. మీరు బలం అనుకుంటున్నదే అక్కడ బలహీనత.

ట్రావెల్ ఇన్సూరెన్స్ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. యూరప్‌లో షెంజెన్ వీసాకు అది తప్పనిసరి కాబట్టి అందరూ తీసుకుంటారు, బ్రిటన్ విజిటర్ వీసాకు అడగరు కాబట్టి వదిలేస్తారు. అక్కడ ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో చూసినందుకు డబ్బు తీసుకోరు గానీ, అడ్మిట్ చేస్తే మనలాంటి సందర్శకులకు వాళ్ల మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు. కారు అద్దెతో వచ్చే బీమా మీ ఆసుపత్రి బిల్లు కట్టదు. నలుగురికీ పాలసీ తీసుకోండి, బీపీ షుగర్ ఉంటే దాచకుండా రాయండి. పబ్బులో భోజనంతో పాటు గ్లాసు తీసుకునేవాళ్లు ఆ పూట కారు తాళం ముట్టుకోకూడదు. పరిమితి దాటి నడిపితే శిక్షతో పాటు కారు బీమా కూడా అక్కరకు రాదు.

ఖర్చు తగ్గించే దారులున్నాయి. రోజుకో పబ్బులో కాకుండా సైరెన్‌సెస్టర్ లాంటి ఒక్క ఊళ్లో మకాం పెట్టి తిరగొచ్చు, ఏడు రోజులకు కుదించొచ్చు. దసరా సెలవుల్లో వెళ్తే అక్కడి పిల్లల వేసవి సెలవులు అయిపోయి ఉంటాయి, గదులు దొరుకుతాయి. అక్టోబరు ఆఖర్లో మాత్రం వాళ్ల బడులకు మళ్లీ వారం సెలవు వస్తుంది, చూసుకోండి. మన లైసెన్స్‌తో సందర్శకులు ఏడాది దాకా కారు నడపొచ్చు. ఎడమవైపు డ్రైవింగే కాబట్టి అలవాటు సమస్య లేదు. 12 ఏళ్లు నిండని పిల్లలకు, 135 సెంటీమీటర్ల ఎత్తు దాటితే తప్ప, చైల్డ్ సీటు ఉండాలి. దాని అద్దె కూడా లెక్కలో వేసుకోండి.

నగలు బీరువాలోనే ఉండనివ్వండి. లోన్‌కు దరఖాస్తు చేసి ఉంటే సంతకం దాకా పోకుండా ఆపేయండి. మే నెలకు గదులు ఇప్పటికే బుక్ చేసి ఉంటే, ఏ తేదీ దాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చో ఈ రాత్రే చూడండి.